మనం కూర్చిన జాబితాకు యజమాని ఎవరు?

2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభోత్సవం మన శామీర్‌పేటకు చేరువలోని మూడుచింతలపల్లిలోనే జరిగింది. రాష్ట్ర రైతాంగపు భూముల వివరాలు అందులో చేరాయి. ఆ పోర్టల్ నిర్వహణ ఒక ప్రైవేటు సంస్థ చేతిలో ఉండటం పెద్ద వివాదానికి దారితీసింది. మా భూమి వివరాలు ఎవరి దగ్గర ఉన్నాయి? వాటిని ఎవరు మార్చగలరు? మార్చితే మాకు ఎలా తెలుస్తుంది? ఇవే ఆ వివాదానికి మూలమైన ప్రశ్నలు. చివరకు 2024 డిసెంబరులో ఆ బాధ్యత కేంద్ర ప్రభుత్వ సంస్థయైన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్‌కు మారింది. ప్రభుత్వాన్ని అడగదగిన ఈ మూడు ప్రశ్నలను మన సొంత జాబితాల విషయంలో మనం ఎన్నడైనా అడిగామా?

వక్ఫ్ సవరణ చట్టం 2025 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. జూన్ 6న ఉమీద్ పోర్టల్ మొదలై, ఆస్తుల నమోదుకు ఆరు నెలల గడువు విధించింది. ఆ హడావుడిలో ఎందరో యువకులు ఖబ్రస్తాన్‌లు, ఈద్గాలు, ఆషూర్‌ఖానాల సర్వే నంబర్లు, హద్దులు, ఫొటోలు సేకరించి ఆన్‌లైన్ పట్టికలలో చేర్చారు. వారి శ్రమ అభినందనీయం. ఆ చట్టంపై మనకు ఎన్ని అభ్యంతరాలున్నా ఆ పోర్టల్‌లో ఒక పద్ధతి గమనించదగ్గది. వివరాలు నమోదు చేసేది ఒకరు, సరిచూసేది ఇంకొకరు, ఆమోదించేది వేరొకరు. మన పట్టికలలో సాధారణంగా ఈ మూడు పనులూ చేసేది ఒక్కరే. పాస్‌వర్డ్ కూడా ఆ ఒక్కరి దగ్గరే ఉంటుంది.

దీనివల్ల కలిగే నష్టాన్ని నేను కళ్లారా చూశాను. కొన్నేళ్ల క్రితం మా ప్రాంతంలో పది పన్నెండు మందిమి కలిసి ఖబ్రస్తాన్ భూముల జాబితా ఒకటి తయారుచేశాం. అదే ఫైలులో రెండవ పట్టికగా సహాయం అవసరమైన వితంతువుల పేర్లు, ఫోన్ నంబర్లు, పిల్లల వివరాలు కూడా రాసుకున్నాం. అది ఒక కుర్రవాడి సొంత ఖాతాలో ఉండేది. ఉద్యోగం కోసం అతడు గల్ఫ్ వెళ్లాడు, పాత ఫోన్ నంబరు రద్దయింది, ఖాతా తెరుచుకోలేదు. ఒక హద్దు వివాదం విచారణకు వచ్చిననాడు మా చేతిలో మిగిలింది సగం ప్రింటు కాగితం మాత్రమే. అంతకంటే బాధాకరమైనది మరొకటి ఉంది. ఆ వితంతువులకు వడ్డీ వ్యాపారుల నుంచి ఫోన్లు రాసాగాయి. లింకు ఎవరు ఎవరికి పంపారో నేటికీ తేలలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఆఫీసులో ప్రతి కాగితానికీ ఇన్‌వర్డ్ నంబరు వేసిన నేను, ఆ జాబితాకు ఒక రిజిస్టరు తెరవాలని తలచలేదు. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

చట్టం దృష్టిలో వాట్సాప్ గ్రూపు ఒక సంస్థ కాదు. అది దేనికీ యజమాని కాలేదు, తన పేరున దావా వేయలేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం పట్టికలను, కంప్యూటర్ డేటాబేసులను కూడా రచనలుగానే పరిగణిస్తుంది. సర్వే నంబరు ఎవరి సొత్తూ కాదు గాని, నైపుణ్యంతో ఏర్చి కూర్చిన సంకలనంపై కూర్చినవారికి హక్కు ఏర్పడవచ్చు. ఆ హక్కు మరొకరికి బదిలీ కావాలంటే రాతపూర్వక సంతకం ఉండాలి. కనుక ఏ రాతకోతలూ లేకుండా పదిమంది కూర్చిన జాబితా అందరిదీ అనిపిస్తుంది గాని, తగవు వచ్చిననాడు ఎవరిదో తేల్చడం కష్టమవుతుంది.

ప్రపంచానుభవం కూడా ఇదే చెబుతోంది. 1990లలో సంగీతాభిమానులు వేలాదిగా తమ సీడీలలోని పాటల పేర్లు టైపు చేసి సీడీడీబీ అనే ఉచిత డేటాబేసును పెంచారు. 1998లో అది ఒక కంపెనీ పరమైంది. తర్వాత గ్రేస్‌నోట్‌గా పేరు మార్చుకుని, 2008లో సుమారు 26 కోట్ల డాలర్లకు సోనీ చేతికి వెళ్లింది. టైపు చేసినవారు చూస్తూ ఉండిపోయారు. 2004లో బ్రిటన్‌లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మరో దారి పట్టింది. 2006లో లాభాపేక్ష లేని ఫౌండేషన్ ఏర్పరచుకుంది. ఎవరైనా వాడుకోగల బహిరంగ లైసెన్సు పెట్టుకుంది. ప్రతి మార్పూ ఏ ఖాతా నుంచి, ఎప్పుడు జరిగిందో అందరికీ కనబడుతుంది. ఇద్దరి శ్రమా ఒకటే, తేడా అంతా ముందుగా రాసుకున్న నిబంధనలలో ఉంది.

మన కర్తవ్యం ఏమిటి? మొదటిది, జాబితాకు చట్టబద్ధమైన ఇల్లు కట్టాలి. మన రాష్ట్రంలో సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు కలిస్తే సొసైటీని నమోదు చేయవచ్చు. జాబితా సొసైటీ పేరున ఉండాలి. సేకరించిన ప్రతి కార్యకర్తా తన హక్కును సొసైటీకి రాసి ఇవ్వాలి. ఆ జాబితాను అమ్మరాదని, సొసైటీ మూతబడితే అటువంటి మరో సంస్థకే అప్పగించాలని బైలాలో రాసుకోవాలి. రెండవది, తాళం ఒక్కరి దగ్గర ఉండరాదు. కనీసం ముగ్గురికి ప్రవేశం ఉండాలి. నెలకొకసారి ప్రతి తీసి మరోచోట భద్రపరచాలి. మూడవది, ప్రతి వరుసకూ ఆధారం రాయాలి. అది గెజిట్ నుంచి వచ్చిందా, పహాణీ నుంచా, పెద్దల మాట నుంచా? ఎవరు చేర్చారు, ఎవరు సరిచూశారు, ఎప్పుడు మార్చారు? ఆధారం లేని జాబితా విచారణలో నిలవదు.

నాలుగవది అన్నిటికంటే ముఖ్యం. భూమి జాబితా వేరు, మనుషుల జాబితా వేరు. ఖబ్రస్తాన్ హద్దులు నలుగురికీ తెలియాలి, తెలిసినకొద్దీ దానికి రక్ష. వితంతువు ఫోన్ నంబరు, రోగి వివరం, జకాత్ తీసుకునే కుటుంబం పేరు గుట్టుగా ఉండాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. సమ్మతి తీసుకోవడం, తప్పులు దిద్దడం, కోరితే తొలగించడం వంటి బాధ్యతలు దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. సదుద్దేశం ఉన్నంత మాత్రాన ఈ బాధ్యత తప్పదు. పేదరాలిని వివరాలు అడిగేటప్పుడు అవి ఎందుకో, ఎవరు చూస్తారో ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పడం కనీస మర్యాద.

ఇవన్నీ మనకు కొత్త విషయాలు కావు. వక్ఫ్ అంటేనే ఎవరూ అమ్ముకోలేని, ఎవరికీ వారసత్వంగా రాని, ప్రయోజనం మాత్రం అందరికీ అందే ఆస్తి. ముతవల్లీ దానికి యజమాని కాదు, లెక్క చెప్పవలసిన సంరక్షకుడు. భూమికి మన పెద్దలు ఏర్పరచిన ఈ నియమాన్ని భూమి వివరాలకూ వర్తింపజేద్దాం. వచ్చే జుమా నమాజు తర్వాత మీ మసీదు కమిటీని ఒక్క ప్రశ్న అడగండి: మన జాబితా ఎవరి పేరున ఉంది? జవాబు ఒక వ్యక్తి పేరైతే, ఆ రోజే పని మొదలుపెట్టండి.