ముఖానికి పౌడరు ఎంత?

ఆదివారం ఆరాధనకు బయలుదేరే ముందు ఆడపిల్ల అద్దం ముందు నిలబడడం పాపమని మేము అనుకోము. రాజు ఎదుటికి వెళ్ళే కన్యకలు ఆరు నెలలు గోపరస తైలం, మరో ఆరు నెలలు సుగంధ ద్రవ్యాలు వాడారని ఎస్తేరు గ్రంథం రెండవ అధ్యాయంలో ఉంది కదా! మనకు అంత వ్యవధి అక్కరలేదు, పది నిమిషాలు చాలు.

ముఖం కడుక్కుని, తడి పూర్తిగా ఆరకముందే రెండు చుక్కల కొబ్బరినూనె అరచేతుల్లో రుద్దుకుని పల్చగా అద్దండి. మొటిమలున్నవారు నూనె మానాలి. కాసేపాగి పౌడరు కొంచెం అరచేతిలో వేసుకుని, పఫ్‌తో అద్ది దులిపి, ముఖంతోపాటు మెడకూ రాయండి. చామనఛాయ వారికి తెల్ల పౌడరు ఎక్కువైతే బూడిద పూసినట్లుంటుంది. తడిపి పిండిన గుడ్డతో మెల్లగా ఒత్తితే సర్దుకుంటుంది. పెదవులకు కాస్త వాజలైన్ చాలు.

మమ్మల్ని కలవరపెట్టేది పౌడరు కాదు, పెళ్ళిచూపుల లోపు తెల్లబడాలని మందుల షాపులో కొనితెచ్చే ట్యూబులు. వాటిలో కొన్నింటిలో బెటామెథసోన్, క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్లుంటాయి. మొదట ముఖం మెరుస్తుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పల్చబడి, ఎండకు మండి, మొటిమలు లేస్తాయి, కొందరికి ముఖంపై వెంట్రుకలు కూడా వస్తాయి. ఇటువంటి మందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని 2018లో ప్రభుత్వం నిబంధన పెట్టినా, అడిగితే ఇచ్చే షాపులున్నాయి. తల్లులారా, ట్యూబు మీది పేర్లు చదివించుకోండి. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్న పిల్ల ఒక్కసారిగా మానితే మంట, ఎరుపు ఎక్కువ కావచ్చు. ఆ ట్యూబు వెంట తీసుకుని చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి.