బడిలో ఇంకా గోనెపట్టా పరుస్తున్నదెవరు?

“ఏమే, నడుం తిప్పకుండా నడవడం రాదా?”

ఎనిమిదో తరగతి పిల్లాణ్ణి ఒక అయ్యవారు నిండు క్లాసులో అడిగిన మాట ఇది. క్లాసంతా గొల్లుమంది. అంతటితో ఆగలేదు. “పో, ఆడపిల్లల్లో కూచో” అని శిక్ష. వారం రోజులు ఆ పిల్లాడు ఆడపిల్లల వరస చివర తల వంచుకుని కూచున్నాడు. సంక్రాంతి సెలవులైనాక మళ్లీ బడి ముఖం చూడలేదు. మన పల్లె పిల్లాడే. తల్లి కూలికి పోతుంది. “వాడికి చదువు ఎక్కట్లేదులే సారూ” అంది. ఎక్కకపోవడమేమిటి? లెక్కల్లో క్లాసుకి రెండోవాడు!

ఆ రోజు స్టాఫురూములో ఈ సంగతి చెప్పుకుని నవ్వుకున్నప్పుడు మేమూ వున్నాం. నోరు మెదపలేదు. మేమూ ఇంత నవ్వాం. ముందు ఆ తప్పు ఒప్పుకుని మిగతా మాట రాస్తున్నాం.

“ఇది మన సమస్యా? పట్నం వాళ్ల పైత్యం. మనకి భూమి, కూలి, శ్మశానం గొడవలు చాలవా?” అని మన అన్నలే అడుగుతున్నారు. లెక్క చూడండి. 2011 జనాభా లెక్కల్లో ఆడ, మగ కాక ‘ఇతరులు’ అని రాయించుకున్నవాళ్లు 4,87,803 మంది. అందులో షెడ్యూల్డు కులాలవాళ్లే 78,811 మంది. భయపడి రాయించుకోనివాళ్ల సంగతి సరేసరి. దేశం మొత్తం మీద అక్షరాస్యత 74 శాతం వుంటే వీళ్లలో 56 శాతం. ఈ పిల్లలు ఏ అమెరికాలోనో పుట్టలేదు. మన పల్లెల్లో పుట్టారు. మన హాస్టళ్లలో తిన్నారు. మన కళ్లముందే బడి మానేశారు.

బడి మనల్ని ఎలా వెళ్లగొట్టిందో గుర్తు తెచ్చుకోండి. ముందు పేరు. మన కులం పేరే తిట్టు. తర్వాత చోటు. బాబాసాహెబ్ అంబేద్కర్ ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకుని విడిగా కూచున్నాడు. ఆ తర్వాత నీళ్లు. బడి నౌకరు వచ్చి పోస్తేనే గుక్కెడు నీళ్లు. ఇప్పుడీ పిల్లల్ని చూడండి. పేరు: ఆడంగోడు, తేడాగాడు. చోటు: శిక్షగా వేరే వరస. నీళ్లకి బదులు దొడ్డి. మగపిల్లల దొడ్డికి పోతే గుడ్డలూడదీసి చూస్తారు. ఆడపిల్లల వైపు పోతే తంతారు. సాయంత్రం దాకా వుగ్గబట్టుకుని కూచునే పిల్లాడికి పాఠం ఏం ఎక్కుతుంది? గోనెపట్టా అదే. కూచున్న పిల్లలే మారారు.

సర్కారు రిజిస్టర్లు కూడా మనల్నీ వాళ్లనీ ఎప్పుడో ఒకచోట చేర్చాయి. 1871లో తెల్లదొరలు నేరస్త జాతుల చట్టం తెచ్చారు. ఆ చట్టాన్ని పెంచి పెంచి తర్వాత మన ఎరుకలవాళ్లని పుట్టుకతోనే దొంగలన్నారు. ఆ 1871 చట్టంలో రెండో భాగం ఎవరిమీదనుకున్నారు? హిజ్రాల మీద! నిజాం రాజ్యంలో 1919లో వీళ్ల పేర్లు పోలీసు రిజిస్టర్లో ఎక్కించే చట్టం వేరే వచ్చింది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో. నూట నాలుగేళ్లకి!

ఇంకో చేదు మాట. మన సభల్లోనే “మేం చేతులకి గాజులు తొడుక్కుని కూచోలేదు” అని గర్జిస్తాం. కారంచేడులో 1985 జూలైలో మంచినీళ్ల చెరువు దగ్గర భూస్వామి కొడుకుల ముందు బిందె ఎత్తి నిలబడింది మున్నంగి సువార్త. ఆ చెయ్యి గాజుల చెయ్యే! ఆడతనమంటే పిరికితనమని మనకి నేర్పిందెవరు? క్లాసులో ఆ అయ్యవారు ఆడపిల్లల వరసని శిక్షగా వాడాడు. ఒక్క మాటతో ఆ పిల్లాణ్ణీ అవమానించాడు, ఆ వరసలో రోజూ కూచునే ఇరవైమంది ఆడపిల్లల్నీ అవమానించాడు. రెండు అవమానాల వేరు ఒకటే.

పదో తరగతిలో ఇద్దరాడపిల్లలు ఒకర్నొకరు ఇష్టపడ్డారనుకోండి. ఉత్తరం ముక్క దొరికితే టీచరు చేసే మొదటి పని ఇంటికి కబురు పెట్టడం. నెల తిరక్కుండా పెళ్లి. చదువు గంగపాలు. వయసొచ్చిన ఇద్దరు మగవాళ్లు గానీ ఇద్దరాడవాళ్లు గానీ ప్రేమించుకుంటే నేరం కాదని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. పెద్దలకి నేరం కానిది పిల్లల మనసులో పుడితే మాత్రం బడి ఉరిశిక్ష వేస్తుందా?

“ఇవన్నీ చెబితే పిల్లలు చెడిపోతారు” అంటారు. సావిత్రీబాయి ఫూలే 1848లో పూనాలో ఆడపిల్లలకి అక్షరాలు చెప్పబోతే ఆమె మీద పేడ, బురద విసిరినవాళ్లు కూడా ఆ మాటే అన్నారు. ఎవరూ చెడిపోలేదు. పెత్తనం చెడింది!

చట్టాలకి కొదవలేదు. ఎవరు ఆడో, ఎవరు మగో, ఎవరు మూడోవారో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. 2019 చట్టం 13వ సెక్షను బడిలో వివక్ష కూడదని రాసింది. మరి 2021లో జరిగిందేమిటి? ట్రాన్స్‌జెండర్ పిల్లలతో ఎలా మెలగాలో టీచర్లకి చెప్పే పుస్తకం ఎన్‌సీఈఆర్‌టీ తయారు చేసింది. కొందరు గోల చెయ్యగానే రోజుల్లోనే తీసేసింది. కాగితం మీద హక్కు, క్లాసులో ఎగతాళి! ఈ తంతు మనకి కొత్తా?

తోటి టీచర్లకి, సంఘం తమ్ముళ్లకి, చెల్లెళ్లకి మేం చెప్పేది ఇది. వీటికి జీవో అక్కర్లేదు.

1. కులం పేరుతో తిట్టడం ఎంత తప్పో ఆడంగోడు అనడమూ అంతే తప్పు. అన్న టీచర్ని అక్కడే నిలదీయండి.

2. ఆడపిల్లల మధ్య కూచోబెట్టే శిక్ష ఈ రోజే ఆపండి.

3. ఏ పిల్లయినా నిర్భయంగా పోగలిగే, లోపల గడియ వుండే దొడ్డి ఒక్కటైనా ప్రతి బడిలో వుండాలి.

4. పిల్లలు నమ్మి చెప్పిన మాట వాళ్లని అడక్కుండా ఇంటికి మొయ్యకండి.

5. బడి మానేసిన పిల్లల జాబితా పల్లె పల్లెనా రాయండి. ‘చదువు ఎక్కలేదు’ అన్న ప్రతి పేరు దగ్గరా ఆగి, ఎందుకని అడగండి.

మేం మొన్న ఆ పిల్లాడి ఇంటికి పోయాం. ఇటుకబట్టీకి పనికి పోయాడట. తల్లి మంచం వాల్చింది. ఆమె ముందు క్షమాపణ చెప్పాం. “ఇప్పుడొచ్చి ఏం లాభం సారూ” అంది. ఆమె అడిగిందానికి జవాబు మాటల్లో లేదు. వాడు మళ్లీ క్లాసులో, వాడు కోరుకున్న వరసలో కూచున్న రోజు చెబుతాం.

జై భీమ్!