అడవి దాకా వచ్చిన వెట్టి పోరు

నిజాం లొంగిపోయిన సెప్టెంబరు 17 దగ్గరపడితే చాలు, ఆ రోజును ఏమని పిలవాలన్న తగువు మొదలవుతుంది. విమోచనమని కొందరు, విలీనమని కొందరు, సమైక్యత అని ఇంకొందరు. ఎవరి జెండా వారిది, ఎవరి వీరుల పటాలు వారివి. కడివెండి, విసునూరు, బైరాన్‌పల్లి పేర్లు ప్రతి సభలోనూ వినిపిస్తాయి, వినిపించాలి కూడా. తెలంగాణ సాయుధ పోరాటం చివరి మూడేళ్లు తలదాచుకున్న పాల్వంచ, ఇల్లందు అడవుల కోయ గూడేల ఊసు మాత్రం ఏ వేదిక మీదా రాదు.

ఆ పోరాటం అడిగిన ప్రశ్న పాతదే. మనిషి కష్టానికి మరో మనిషి యజమాని కావచ్చా? ఈ ప్రశ్న మీదే 1861లో అమెరికా రెండుగా చీలింది. నాలుగేళ్ల యుద్ధంలో 6 లక్షల మందికి పైగా చనిపోయారు. సుమారు 40 లక్షల మంది నల్లజాతి బానిసలకు 1865 నాటి 13వ రాజ్యాంగ సవరణతో చట్టబద్ధంగా విముక్తి దొరికింది. ఆ వార్త విలువ మన దేశంలో అందరికంటే ముందు గ్రహించిన వారిలో జ్యోతిరావు ఫూలే ఒకరు. 1873లో తన ‘గులాంగిరీ’ పుస్తకాన్ని ఆ బానిసల విముక్తికి పాటుపడిన అమెరికన్లకే అంకితమిచ్చారు.

ఆ పుస్తకం వచ్చిన 70 ఏళ్లకు అదే ప్రశ్న నిజాం రాజ్యంలో ఊరూరినీ చీల్చింది. వెట్టిని, అప్పు కింద జీతముండే భాగేలాను కట్టడి చేసే ఉత్తర్వులు అప్పటికే లేకపోలేదు. భాగేలా ఒప్పందాల మీద 1936లోనే ఒక చట్టం వచ్చింది. అయినా కుమ్మరి కుండలు, మాదిగ చెప్పులు, చాకలి చాకిరీ దొర గడీకి ఊరికే పోతూనే ఉన్నాయి. తాత చేసిన అప్పుకు మనవడు జీతగాడుగా ఉండిపోయాడు. హైదరాబాదులో అచ్చయిన కాగితం గడీ గుమ్మం దాటి లోపలికి రాలేదు. 1946 జూలై 4న కడివెండిలో దొర మనుషుల తూటాకు దొడ్డి కొమురయ్య నేలకొరిగాక గాని ఆ గుమ్మాలు కదల్లేదు.

ఇదంతా మైదానం కథ. గోదావరి గట్టున వెట్టికి ఇంకో ముఖముంది. అప్పట్లో నదికి ఇవతల పాల్వంచ నిజాం ఏలుబడిలో, అవతల భద్రాచలం మద్రాసు ప్రభుత్వం కింద ఉండేవి. భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లోనే. రెండు రాజ్యాల నడుమ కోయలు, కొండరెడ్లు ఒకే అడవిని నమ్ముకుని బతికారు. 1940లలో ఈ గట్ల వెంట తిరిగిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్, కలప, వెదురు వ్యాపారుల అప్పుల్లో చిక్కి కూపుల్లో ఏళ్లతరబడి చాకిరీ చేస్తున్న కొండరెడ్ల గురించి వివరంగా రాశారు. ఇక్కడ దొర గడీ కనిపించదు. సేటు లెక్కల పుస్తకం, జంగ్లాతు (అటవీశాఖ) జవాను మామూళ్లు, ఆఫీసరు క్యాంపుకొస్తే మోయాల్సిన సామాను ఆ పని చేసేవి. తన అడవిలో తాను పోడు కొట్టుకున్నా నేరమే.

1948 సెప్టెంబరులో నిజాం లొంగిపోయాడు. కమ్యూనిస్టు దళాలు ఆయుధాలు దించలేదు, భారత సైన్యమూ వెనక్కి పోలేదు. మైదానంలో నిలువనీడ దొరకని దళాలు గోదావరి అడవుల్లోకి వచ్చాయి. ఒక పూట అంబలి పోసిన గూడేనికి దాని మూల్యం పడింది. గూడేలు తగలబెట్టి, జనాన్ని రోడ్డు పక్కన కంచెల్లోకి తోలి కాపలా పెట్టారు. మలయాలో ఇంగ్లీషువాళ్లు అమలు చేసిన బ్రిగ్స్ పథకమే ఇదని పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన గ్రంథంలో రాశారు. అడవి గాలికి, చెలిమ నీటికి అలవాటైన మనుషులు ఆ ఇరుకులో రోగాల పాలయ్యారు.

సరిగ్గా అదే కాలంలో మైదానానికి మంచి రోజులు మొదలయ్యాయి. 1949 ఆగస్టులో జాగీర్లు పోయాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది, వెట్టిని నిషేధించిన 23వ అధికరణంతో రాజ్యాంగమూ వచ్చింది. పోరాటం వల్లనే అవి అంత త్వరగా వచ్చాయన్నది నిజం. 1951 అక్టోబరులో పోరాటం విరమించేనాటికి కోయ గూడేనికి మిగిలిందేమిటి? కాలిన ఇళ్లు, మళ్లీ అదే జంగ్లాతు చట్టం. మైదానం గెలుచుకున్న దానికి అడవి కూడా వెల చెల్లించింది. ఆ బాకీని మనం ఇప్పటికీ లెక్కలోకి తీసుకోలేదు.

లెక్కలోకి తీసుకోనిది మళ్లీ జరగడం వింత కాదు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలైంది. అది వెట్టి మీద పోరు కాదు గాని, ఊళ్లు ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్కన శిబిరాల్లో పెట్టే పద్ధతి మాత్రం పాతదే. కోంటా, దోర్నపాల్, ఎర్రబోరులో శిబిరాలు వెలిశాయి. ఒకే ఊరి పిల్లల్లో ఒకరు దళంలో, ఒకరు నెలకు 3,000 రూపాయల భృతి మీద తుపాకి పట్టిన ప్రత్యేక పోలీసు. అటువైపు ఉన్నాడని ఇటు, ఇటువైపు ఉన్నాడని అటు చంపారు. 2011 జూలై 5న ఆ నియామకాలు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పునిచ్చిన ధర్మాసనంలో మన జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి ఉండటం తెలుగువారు గర్వపడవలసిన సంగతి.

తీర్పు వచ్చేలోగానే వేలాది కుటుంబాలు చింతూరు, చర్ల, దుమ్ముగూడెం దారుల్లో ఇటు వచ్చేశాయి. గొత్తికోయలన్న పేరుతో అడవి అంచున పాకలు వేసుకుని మిర్చి కోతల కూలితో బతుకుతున్నాయి. అటవీ హక్కుల చట్టానికి గడువు తేదీ 2005 డిసెంబరు 13. ఆ తర్వాత వచ్చినవారికి ఇక్కడి పోడు మీద హక్కు లేదు, కులధ్రువీకరణ దొరకదు. పాక పీకేస్తే ఇంకో గుట్ట చాటుకు పోవడమే.

ఈ నేల వెట్టిని వదిలించుకున్నానని పండుగ చేసుకుంటోంది. చేసుకోవాలి. ఆ పండుగలో పాల్వంచ, ఇల్లందు గూడేలకు చోటివ్వాలి. తాతలు, నాయనమ్మలు చెప్పగా విన్న కంచెల కథలు గుర్తున్నవారు ఆ గూడేల్లో ఇంకా ఉన్నారు. వారి మాటలు రాసిపెట్టే పని రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలూ వెంటనే తలకెత్తుకోవాలి. గొత్తికోయ పిల్లలకు బడిలో చేరడానికి, ఆశ్రమ పాఠశాలలో ఉండటానికి కులధ్రువీకరణ అడ్డం కాకూడదు. ఇందుకు కొత్త చట్టమేమీ అక్కరలేదు. గిరిజన సంక్షేమ శాఖ ఒక ఉత్తర్వు ఇస్తే వచ్చే జూన్‌కే చేయవచ్చు.