పట్టికలో మొదటివాడికి దక్కేదేమిటి?



గత సంచికలో మీ క్రీడల పేజీ అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ గురించి రాస్తూ, నవంబరు నుంచి మార్చి మొదటి వారం దాకా జరిగేదంతా 'ట్రైలర్' అనీ, అసలు సినిమా ఆ తర్వాతే అనీ తేల్చేసింది. చదివి మనసు చివుక్కుమంది. నాలుగు నెలలు, వారానికి రెండు ఆటలు, గడ్డకట్టే చలిలో పార్కింగు నుంచి హాలు దాకా నడక. ట్రైలర్ కోసం ఎవరైనా ఇంత పాటు పడతారా అండీ?

అలాగని మీ రచయితను తప్పుపట్టలేను. ఆటను నడిపేవాళ్లే దాన్ని ట్రైలర్ చేసిపెట్టారు. నా గొడవ వాళ్లతోనే.

తెలియనివారి కోసం ఒక్క మాట. జాతీయ టోర్నమెంటుకు 68 జట్లు వెళ్తాయి. 31 కాన్ఫరెన్స్‌ల (కాలేజీల లీగుల) విజేతలకు నేరుగా చోటు, మిగతా 37 జట్లను ఒక కమిటీ ఎంచుతుంది. మెలికంతా 'విజేత' అన్న మాటలో ఉంది. రెండు నెలలపాటు ఇంటా బయటా అందరితో ఆడి పట్టికలో పైన నిలిచిన జట్టు విజేత కాదట. సీజన్ అయ్యాక నాలుగైదు రోజుల్లో ముగించే కాన్ఫరెన్స్ టోర్నమెంటు గెలిచినవాళ్లే విజేత. పెద్ద కాన్ఫరెన్స్‌లకు దీనివల్ల పోయేదేమీ లేదు. అక్కడ మొదటి స్థానం వచ్చిన జట్టు ఈ టోర్నమెంటులో ఓడినా కమిటీ పిలుస్తుంది. చిన్న కాన్ఫరెన్స్‌ల నుంచి మాత్రం మామూలుగా వెళ్లేది ఒకే ఒక్క జట్టు. ఒక్క రాత్రి బంతి రింగు మీద తిరిగి బయటపడిందంటే నాలుగు నెలల కష్టం గంగపాలు.

అందుకే నేననేది, చిన్న కాన్ఫరెన్స్‌లు తమ ఒక్క చోటునూ పట్టికలో మొదటి జట్టుకే ఇవ్వాలని. ఇదేం కొత్త ఆలోచన కాదు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ఉన్న ఐవీ లీగ్ 2016 దాకా అదే చేసింది. రెండు జట్లు సమంగా నిలిస్తే వాటి మధ్య ఒక ఆట పెట్టేవారు, అంతే. 2017లో వాళ్లూ నలుగురితో పాటు నారాయణా అనుకుని నాలుగు జట్ల టోర్నమెంటు పెట్టారు. ఆ ఏడాది ప్రిన్స్‌టన్ లీగులో 14 ఆడి 14 గెలిచింది. అయినా ఆరు గెలిచి ఎనిమిది ఓడిన పెన్ (పెన్సిల్వేనియా యూనివర్సిటీ)తో సెమీస్ ఆడాల్సి వచ్చింది. ఎక్కడనుకున్నారు? ఫిలడెల్ఫియాలో, పెన్ సొంత హాలు పలెస్ట్రాలో! చివరి క్షణాల్లో చేత్తో తోసిన బంతి బుట్టలో పడి ఆట ఓవర్‌టైముకు వెళ్లబట్టి ప్రిన్స్‌టన్ బతికి 72-64తో బయటపడింది. ఓడి ఉంటే, పధ్నాలుగు విజయాలకు పెట్టిన శిక్ష ఏ తప్పుకని అడగాల్సొచ్చేది.

నన్ను నిలదీసేవాళ్లకూ అస్త్రాలున్నాయి, దాచను. 2018లో అమెరికా ఈస్ట్ కాన్ఫరెన్స్ పట్టికలో మొదటిది వెర్మాంట్. నా లెక్కన వెళ్లాల్సింది అదే. కానీ ఫైనల్లో దాన్ని దాని హాల్లోనే ఓడించి యూఎంబీసీ అనే జట్టు వెళ్లింది, వెళ్లి నంబర్ వన్ వర్జీనియాను 74-54తో చిత్తు చేసింది. పురుషుల టోర్నమెంటులో పదహారో సీడు మొదటి సీడును ఓడించడం అదే తొలిసారి. నా పద్ధతే ఉంటే ఆ రాత్రి ఉండేది కాదు. నిజమే. ఒప్పుకుంటాను.

ఇంకో నేరం కూడా ఒప్పుకోవాలి. నేను నార్త్ కరోలినా స్టేట్ అభిమానిని. 2024లో మా జట్టు చివరి నాలుగు ఆటలూ వరసగా ఓడి, పదో సీడుగా మా కాన్ఫరెన్స్ ఏసీసీ టోర్నమెంటుకు వెళ్లి, ఐదు రోజుల్లో ఐదు ఆటలు గెలిచింది. వర్జీనియాతో సెమీస్‌లో మూడు పాయింట్లు వెనక, ఐదు సెకన్లు మిగిలాయి. వాళ్ల ఫ్రీ త్రో తప్పింది. మా ఓ'కానెల్ పరుగున వచ్చి విసిరిన బంతి బోర్డుకు తగిలి లోపల పడింది. నేను వేసిన కేకకు పక్కవాటా వాళ్లు తలుపు కొట్టారు. అక్కణ్నుంచి జాతీయ టోర్నమెంటులో ఫైనల్ ఫోర్ దాకా వెళ్లాం. అదృష్టం మీద బతికినవాడు క్రమశిక్షణ గురించి ఉపన్యాసం ఇవ్వడం దెయ్యాలు వేదాలు వల్లించినట్టు ఉంటుందని మా ఆవిడ అంటూనే ఉంది. కానీ మా గెలుపు వల్ల పట్టికలో మొదటిదైన నార్త్ కరోలినా ఇంటికి పోలేదు, మొదటి సీడుగానే వెళ్లింది. వెర్మాంట్‌కు ఆ భాగ్యం లేదు. తేడా అక్కడుంది.

మనకూ ఇది తెలియంది కాదు. 2009 ఐపీఎల్‌లో లీగు దశలో మొదటి స్థానం ఢిల్లీది. సెమీస్‌లో నాలుగో స్థానంలో వచ్చిన మన డెక్కన్ చార్జర్స్ తరఫున గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 కొట్టాడు, ఢిల్లీ ఇంటికి పోయింది. కప్పు మనకొచ్చింది కాబట్టి ఎవరం నోరెత్తలేదు. 2011 నుంచి మొదటి రెండు స్థానాల జట్లకు ఓడినా ఇంకో అవకాశం ఇస్తున్నారు. ఇక్కడ అమెరికాలో కూడా వెస్ట్ కోస్ట్ కాన్ఫరెన్స్ మొదటి రెండు జట్లను నేరుగా సెమీస్‌లో కూర్చోబెడుతుంది. చోటు పూర్తిగా ఇవ్వడానికి చేతులు రాకపోతే, కనీసం ఆపాటి మర్యాదైనా చేయొచ్చు.

చేయరెందుకంటే, కాన్ఫరెన్స్ టోర్నమెంటు జరిగే ఆ వారమే చిన్న కాన్ఫరెన్స్‌లు దేశమంతటికీ టీవీలో కనబడేది. కానీ జాతీయ టోర్నమెంటులో ఆడిన ఆటల లెక్కన కాన్ఫరెన్స్‌కు ఆరేళ్లపాటు డబ్బు వస్తుంది. ఎక్కువ ఆటలు ఆడగల జట్టును ఇంట్లో కూర్చోబెట్టి మరొకరిని పంపడం ఏం వ్యాపారమో నాకు అంతుబట్టదు. పైగా ఇలా దెబ్బతిన్న మొదటి జట్టుకు ఎన్ఐటీ అనే రెండో అంచె టోర్నమెంటులో ఖాయంగా ఉండే ఓదార్పు చోటును కూడా 2024లో తీసేసి, పెద్ద కాన్ఫరెన్స్‌లకు రెండేసి చోట్లు రాసిచ్చారు.

మా అమ్మాయి అలాంటి ఒక చిన్న కాన్ఫరెన్స్ కాలేజీలోనే చదువుతోంది, బ్యాండులో క్లారినెట్ వాయిస్తుంది. కిందటేడూ, ఈ ఏడూ వాళ్ల జట్టుదే మొదటి స్థానం. పోయిన శనివారం ఆఖరి ఇంటి ఆటకు వెళ్లాం. ఆట అయ్యాక నిచ్చెన వేసి, ఒక్కొక్కరే ఎక్కి కత్తెరతో నెట్ కత్తిరించుకున్నారు. ఆఖరి ఏడాది కుర్రాడొకడు తన ముక్కను చక్రాల కుర్చీలో ఉన్న వాళ్ల నానమ్మ వేలికి ముడి వేశాడు.

ఈ గురువారం బ్యాండు కూడా టోర్నమెంటుకు బస్సెక్కుతోంది. ఫైనల్ ఆదివారం కదా, నాలుగు రోజుల బట్టలు సర్దుకోమని ఫోన్లో చెప్పాను. "ఒక్క జత చాలు నాన్నా, కిందటిసారి మడత కూడా విప్పకుండా వెనక్కి మోసుకొచ్చాను" అంది.

ఇట్లు,
కేరీ, నార్త్ కరోలినా నుంచి మీ పాఠకుడు