గీతలు చూసి కథని కొట్టేస్తారా?

మొన్న ఆదివారం కృష్ణానగర్ లో మా ఫ్రెండుని కలిశా. ఇంజనీరింగ్ లో నా బెంచ్ మేటు. నేను కోడు రాసుకుంటుంటే వాడు సినిమా కథలు రాసుకుంటున్నాడు. ఇప్పటికే రెండు సినిమాలకి ఘోస్టుగా రాశాడు, టైటిల్స్ లో పేరు లేదు. ఈసారి సొంత పేరుతో, రెండేళ్ళు కూర్చుని రాసిన కథని ఫిల్మ్ నగర్ లో ఒక ఆఫీసుకి పంపాడు. వాళ్ళు కథ గురించి ఒక్క ముక్క అడగలేదట. "ఇన్ని పొడుగు గీతలేంటి? ఛాట్ జీపీటీతో రాయించావా?" అన్నారట. అంతే, ఫైలు పక్కన పడేశారు.

ఆ గీతల సంగతి నాకు తెలుసు. రెండు హైఫన్లు కొట్టి తర్వాతి మాట టైపు చేస్తే ఎమ్మెస్ వర్డే వాటిని కలిపి పొడుగు గీత చేసేస్తుంది. 2022 నవంబరులో ఛాట్ జీపీటీ రాకముందు నుంచీ ఉన్న ఆటోకరెక్టు అది. కాలేజీ రోజుల్లో వాడు రాసిన కథల నిండా ఇవే గీతలు!

మిషను గీతలు ఎక్కువ వాడుతుందన్నది నిజమే. కానీ అది నేర్చుకుంది మనుషులు రాసినవి చూసే కదా. చలం రచనల్లో ఎన్ని గీతలు, ఎన్ని చుక్కలు! 1938లో 'మాలపిల్ల'కి కథ ఇచ్చిన ఆ చలమే ఇవాళ ఫిల్మ్ నగర్ కొస్తే "ఏ యాప్ వాడారు సార్?" అంటారేమో :)

ఓపెన్ ఏఐ వాళ్ళే 2023 జనవరిలో మిషను రాతని పట్టే టూలు ఒకటి వదిలి, సరిగ్గా పట్టడం లేదని జులైలో తీసేశారు. వాళ్ళ వల్లే కానిది మనం గీతలు లెక్కపెట్టి తేలుస్తామా? మన ఆఫీసుల్లో ఫాల్స్ పాజిటివ్ వస్తే టికెట్ క్లోజ్ చేసి టీకి వెళ్తాం. ఇక్కడ ఒకడి రెండేళ్ళ కష్టం క్లోజ్ అయిపోతోంది.

నిర్మాతల భయాన్నీ కొట్టిపారెయ్యను. కోట్లు పెట్టేవాళ్ళకి అనుమానం ఉంటుంది. కానీ దానికి మందు ఇండస్ట్రీలోనే ఉంది.. నేరేషన్. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి "ఇంటర్వెల్ దగ్గర హీరో ఎందుకు వెనక్కొచ్చాడు?" అని అడగండి. రాసినవాడైతే ఆ సీను ఎన్నిసార్లు మార్చాడో, ఎందుకు మార్చాడో కూడా చెప్తాడు. రాయించుకున్నవాడు నీళ్ళు నములుతాడు.

నేను వెళ్ళేసరికి మావాడు ఫైండ్ అండ్ రీప్లేస్ పెట్టి గీతలన్నీ కామాలు చేస్తున్నాడు. "డైలాగులో ఊపిరి పోతోందిరా" అన్నాడు. ఏం చెప్పాలో తెలీలేదు. మీరైతే ఏం చెప్తారు?