నాకు లేని ట్రాక్టరు కిస్తీ

నాకు ట్రాక్టరు లేదు. సెంటు పొలం కూడా లేదు. అయినా ఏడాదికి రెండుసార్లు, పంటలు ఇంటికొచ్చే రోజుల్లో, ట్రాక్టరు కిస్తీ కట్టమని నాకు ఫోన్లు మొదలవుతాయి. ముందు ఎస్సెమ్మెస్ వస్తుంది, తర్వాత రికార్డు చేసిన గొంతు, గడువు దాటాక అసలు మనిషి. “ఆయన్ని నేను కాదండీ, ఈ నంబరు ఇప్పుడు నాది” అంటే, “సిస్టంలో ఈ నంబరే ఉంది సార్” అంటాడు అవతలి కుర్రాడు. పాపం, అతని తప్పేమీ లేదు. సిస్టంలో ఉన్నదే అతనికి కనపడుతుంది.

నాలుగేళ్ళ కిందట కొత్త సిమ్ తీసుకున్నాను. కొత్తదంటే నాకు కొత్త. అంతకుముందు అది ఎవరో రైతుది. ఆయన మొహం నేనెప్పుడూ చూడలేదు గానీ, చుట్టాలకి కూడా తెలియని సంగతులు కొన్ని నాకు తెలుసు. ఎరువుల కొట్లో ఆయనకి ఖాతా ఉంది. గ్యాస్ బండ ఎప్పుడు బయల్దేరిందో నాకు తెలుస్తుంది. ఒకసారి రక్తపరీక్ష రిపోర్టు సిద్ధమైందని లింకుతో సహా వచ్చింది. నొక్కలేదు. నొక్కి ఉంటే ఆయన షుగరెంతో ఆయనకంటే ముందు నాకు తెలిసేదేమో.

ఇదే ఫోన్లోకి ఇంకో రకం కూడా వస్తుంటాయి. షాద్‌నగర్ దగ్గర వెంచరు, ప్రీ లాంచ్ ధర, ఈ ఆదివారంతో ఆఖరు. ఎప్‌సెట్ ఫలితాలొచ్చిన మర్నాడు “మీ అబ్బాయికి మేనేజ్‌మెంట్ కోటాలో సీటు” (మాకు అమ్మాయే, దానికి పెళ్ళయి ఇద్దరు పిల్లలు). అడక్కుండానే ఐదు లక్షల అప్పు. నా తల చూసినవాడెవడూ పంపలేని జుట్టు నూనె ప్రకటన. తెలుగు మాత్రమే వచ్చిన మా పక్కింటి పెద్దావిడకి హిందీలో సాగే క్రెడిట్ కార్డు ప్రవచనం. ఆవిడ మర్యాదగా ఆఖరిదాకా వింటుంది.

ఈ రెండు రకాల్నీ కలిపి మనం ‘స్పామ్’ అని ఒకే గంపలో పడేస్తాం, ఒకే తిట్టు తిడతాం. అవి రెండూ ఒకటి కాదని నా అనుమానం. ఒకటి పిలవని పేరంటం. ఇంకోటి పొరుగింటి ఉత్తరం మనింట్లో పడటం.

ముందు పిలవని పేరంటం గురించి, దాని తరఫున కూడా నాలుగు మాటలు చెప్పాలి. పొద్దున పేపరు విప్పితే జారిపడే కరపత్రం ఉంది చూశారూ, అది మనకోసం వేసింది కాదు. మా వీధి చివర కర్రీ పాయింట్ పెట్టిన దంపతులు మొదటి నెల అలాగే తెలిశారు. ప్లంబరు, ట్యూషన్ టీచరు, వాటర్ ట్యాంకు కడిగేవాడు – వీళ్ళకి ఎవరింట్లో ఏ అవసరం ఉందో తెలిసే దారి లేదు. వెయ్యి కాగితాలు వేయించి, పేపరేసే కుర్రాడి చేతిలో నాలుగు డబ్బులు పెట్టి, పది మందైనా పిలవకపోతారా అని చూస్తారు. మిగతా తొమ్మిది వందల తొంభై మందికి అది చెత్తే. ఆ చెత్తని నేను మన్నిస్తాను. తపాలా శాఖ కూడా అడ్రసు లేని కరపత్రాల్ని ఇంటింటికీ పంచిపెట్టే సర్వీసు ఒకటి పెట్టుకుంది.

అయినా పనికిరాని ఉత్తరాలు మనకేం కొత్తా? మా చిన్నప్పుడు దేవుడి పేరు మీద కార్డులొచ్చేవి. ఇది చదివినవారు ఇంకో పదకొండు మందికి రాయాలి, రాసినవారికి లాటరీ తగిలింది, చింపినవారింట్లో ఫలానా కీడు జరిగింది అని. మా అమ్మ కీడుకి భయపడి కార్డులు కొనేది, నాన్న కార్డుల ఖర్చుకి భయపడి కోప్పడేవాడు. రాయడానికి ఓ సాయంత్రం, కొనడానికి డబ్బులు కావాలి గనక ఆ భక్తి పదకొండు దగ్గరే ఆగేది.

ఆ ఖర్చన్నది పోయిన రోజు కథ మారింది. కంప్యూటర్ల మీద మొదటి అక్కర్లేని ప్రకటనగా అందరూ చెప్పుకునేది 1978 మే నాటిది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో మార్కెటింగ్ చూసే గ్యారీ థర్క్, కాలిఫోర్నియాలో తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకి రమ్మంటూ అప్పటి కంప్యూటర్ల నెట్‌వర్కు ఆర్పానెట్‌లో దాదాపు నాలుగు వందల మందికి ఒకేసారి సందేశం పంపించాడు. చాలామంది మండిపడ్డారు. దానివల్ల అమ్మకాలు బాగా జరిగాయని మాత్రం ఆయన తర్వాత చెప్పుకున్నాడు. ఈ వ్యాపారం తర్కమంతా అందులోనే ఉంది. కరపత్రం వేసేవాడికి కాగితం ఖర్చుంది గనక తన పేటలోనే తిరుగుతాడు. ఖర్చు లేనివాడికి హైదరాబాదు ప్లాటు అమలాపురంలో ఎందుకు అమ్మకూడదనిపిస్తుంది. లక్షమందిలో ఒక్కడు కొన్నా గిట్టుబాటే. బట్టతలకి నూనె అమ్మడం మనకి తెలివితక్కువగా కనిపిస్తుంది. లెక్క వేసినవాడికి నా తలని విడిగా చూడటమే దండగ.

గురి తప్పిన ప్రకటనల్లో నాకు ఓ చిన్న ఊరట కూడా ఉంది. ఇంజనీరింగ్ సీటు అమ్మజూపినవాడికి నా గురించి ఏమీ తెలీదు. తెలిసినవాడంటేనే నాకు భయం. అమెరికాలో టార్గెట్ అనే దుకాణాల సంస్థ, ఆడవాళ్ళు కొనే లోషన్లూ విటమిన్లూ చూసి ఎవరు గర్భవతులో అంచనా కట్టేదని 2012లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక రాసింది. ఆ కథనంలో నాకు బాగా గుర్తుండిపోయింది ఇంకో సంగతి. తమని కనిపెడుతున్నారని తెలిస్తే కొనేవాళ్ళు బెదిరిపోతారని, పిల్లల డైపర్ల పక్కన గడ్డి కోసే యంత్రం బొమ్మ కావాలనే వేసేవారట. అంటే గురి కుదిరాక, గురి తప్పినట్టు నటించడం! అందుకే “ప్రకటనలు ఇంత చెత్తగా ఉంటే ఎలా, నాకేం కావాలో తెలుసుకుని పంపొచ్చుగా” అనేవాళ్ళతో నేను ఏకీభవించను. తెలుసుకుని పంపించడమంటే ముందు తెలుసుకోవడం ఉంటుంది కదా.

ఇంతా చెప్పి, ఇవతలి పక్షం చూడకపోతే అన్యాయం. డెలీట్ నొక్కితే పోయేదానికి రాద్ధాంతమెందుకు అనేవారు, ఆస్పత్రిలో మనిషిని ఉంచి ఫోను పట్టుకుని కూర్చున్న రాత్రిని మరిచిపోతున్నారు. ప్రతి మోతకీ గుండె ఉలిక్కిపడుతుంది, తీస్తే పర్సనల్ లోను. అంతకన్నా పెద్ద నష్టం, మనం తెలియని నంబరు ఎత్తడం మానేశాం. పార్సిలు తెచ్చినవాడు గేటు దగ్గర నిలబడి చేస్తే ఎత్తం. బ్యాంకు నిజంగా హెచ్చరించబోతే కట్ చేస్తాం. ఇంకోపక్క, రోజుకి ఇరవై అబద్ధపు తొందరలకి అలవాటుపడిన పెద్దవాళ్ళకి, ఇరవై ఒకటోది మోసగాడి తొందరని కనిపెట్టడం కష్టమవుతుంది. మోసానికి ఈ గోల మంచి చాటు.

ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చుందని కూడా అనలేం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2010లో ఒకసారి, 2018లో ఇంకోసారి నిబంధనలు తెచ్చింది. 1909కి చెబితే మనకి అక్కర్లేని రకాల ప్రచారాన్ని, కావాలంటే మొత్తాన్ని, ఆపించుకోవచ్చు. పంపే సంస్థ తన పేరుని, సందేశం నమూనాని ముందే నమోదు చేయించాలి. 2025 సవరణతో ఎస్సెమ్మెస్ పంపినవారి పేరు చివర అక్షరం చేరింది. పి ఉంటే ప్రచారం, ఎస్ సేవలకి, టి లావాదేవీలకి, జి ప్రభుత్వానికి. ఫిర్యాదుకి గడువు మూడు రోజులుండేది, ఏడయింది. ప్రచారం కాల్స్‌కి 140తో మొదలయ్యే నంబర్లు, బ్యాంకుల్లాంటివాళ్ళ పనికొచ్చే కాల్స్‌కి 1600తో మొదలయ్యేవి. నమోదై పంపేవారిని ఈ కంచె చాలావరకు అదుపులో పెడుతుంది. కంచె పక్కనుంచి మామూలు పదంకెల సిమ్ముతో నడిచొచ్చే వెంచరు కుర్రాణ్ణి పట్టుకోవాలంటే మాత్రం మనం పూనుకుని ఫిర్యాదు చేయాలి. ఎంతమందిమి చేస్తున్నాం? నేను ఏడాదిలో రెండుసార్లు చేశాను, అదీ ఈ వ్యాసం రాద్దామనుకున్నాక.

ట్రాక్టరు దగ్గరికి వద్దాం. నా ఫోన్లో 1909కి చెప్పి పెట్టించుకున్న డీఎన్‌డీ ఉంది. కిస్తీ సందేశం ఆగదు. ఆగకూడదు కూడా. అది ప్రచారం కాదు, ఖాతా తాలూకు సమాచారం. ఓటీపీలూ, డబ్బు తీసినప్పుడొచ్చే కబుర్లూ ఆ తలుపులోంచే రావాలి గనక దానికి గడియ పెట్టడం కుదరదు. అంటే, మనం కట్టుకున్న కంచె అంతా పిలవని పేరంటానికే. దారి తప్పిన ఉత్తరానికి అది అడ్డురాదు. నిజానికి రెంటిలో ప్రమాదకరమైనది ఆ రెండోదే.

నంబర్ల సంగతి ఇలా ఉంటుంది. వాడకం ఆగిన నంబరుని కనీసం 90 రోజులదాకా ఇంకొకరికి ఇవ్వరు. 2023 నవంబరులో ఈ విషయం సుప్రీంకోర్టుకి వెళ్ళినప్పుడు ట్రాయ్ చెప్పింది ఇదే. పాత నంబరు మీదున్న వాట్సాప్ ఖాతాని, అందులోని సమాచారాన్ని తుడిపేసుకునే బాధ్యత వదిలేసినవారిదేనని కోర్టూ అంది. అంకెలు కోట్లలో కావాల్సిన దేశంలో పాతవి మళ్ళీ వాడక తప్పదు, ఒప్పుకుంటాను. కానీ 90 రోజుల్లో మనిషి నంబరు మారుస్తాడే గానీ, దాన్ని ఇచ్చిన ప్రతి గుమ్మమూ ఎక్కి దిగుతాడా?

ఈమెయిల్లో ఇంకో తమాషా ఉంది, దానిలో తెలుగువాళ్ళం మరీ ఎక్కువగా ఇరుక్కుంటాం. మన ఇంటిపేర్లు ఒక్క అక్షరానికి కుదించుకుపోతాయి. ఆ అక్షరం పక్కన శ్రీనివాసరావో, వెంకటేశ్వరరావో చేరిస్తే ఊరికి పదిమంది తేలతారు. జీమెయిల్లో చుక్కలకి విలువ లేదు. అక్షరానికీ పేరుకీ మధ్య చుక్క పెట్టినా పెట్టకపోయినా ఒకే పెట్టెలో పడుతుంది. చుక్క పెడితే వేరే చిరునామా అవుతుందనుకునేవారూ, తమ చిరునామాలో ఉన్న అంకె మరిచిపోయేవారూ మా మిత్రుడి పెట్టెని ధర్మసత్రం చేశారు. ఆయన తొలినాళ్ళలోనే అంకె లేకుండా తన పేరు దక్కించుకున్న అదృష్టవంతుడు మరి. డాలస్‌లో ఎవరిదో పంటి డాక్టరు అపాయింట్‌మెంటు, దుబాయ్ విమానం టికెట్టు, ఎవరింటిదో అద్దె ఒప్పందం. టికెట్టు చూసి కంగారుపడి, అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేశాడు. అవతలాయన కృతజ్ఞత చెప్పలేదు. “నా టికెట్టు మీ దగ్గరికెలా వచ్చింది?” అని గద్దించాడు.

సంస్థల వాదన కూడా వినాలి. చిరునామా ఇచ్చింది ఖాతాదారే, తప్పు చెబితే మేమేం చేస్తాం అంటారు. ప్రతిసారీ సరిచూస్తామంటే కౌంటరు దగ్గర వరస పెరుగుతుంది, సగంమంది వెళ్ళిపోతారు. అప్పు తీసుకున్నవాడు “నేను కాదు” అంటే నమ్మేసి నంబరు తీసేస్తే, ఎగ్గొట్టేవాళ్ళందరూ ఆ మాటే నేర్చుకుంటారు. ఈ ఆఖరిది నిజంగా బరువున్న మాట. కిస్తీ కుర్రాడు నన్ను నమ్మకపోవడానికి కారణం నాకు తెలుసు. రోజూ పదిమంది ఆయన కాదంటారు, వాళ్ళలో చాలామంది ఆయనే.

కానీ నన్ను నమ్మాల్సిన పని లేకుండానే సరిచూసుకునే మార్గం ఇప్పుడుంది. రద్దయిన మొబైల్ నంబర్ల జాబితా టెలికాం శాఖ దగ్గర ఉంది. దాన్ని వాడి తమ ఖాతాదారుల వివరాల్ని శుభ్రం చేసుకోమని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో బ్యాంకులకీ, ఇతర రుణ సంస్థలకీ సర్క్యులర్ ఇచ్చింది, ఆ ఏడాది మార్చి 31 దాకా గడువూ పెట్టింది. ఆ గడువు దాటాక కూడా నాకు కిస్తీ ఫోను వచ్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, తప్పుని సరిదిద్దమని అడిగే హక్కుని ఆ సమాచారం ఎవరిదో వారికిచ్చింది. ఇక్కడ నంబరు నాది, అప్పు ఆయనది. తన అప్పు నా ఇంటి తలుపు తడుతోందని తెలిస్తే కదా ఆయన అడిగేది!

కాబట్టి నా తీర్పు ఇది. ప్లాటువాణ్ణీ, నూనెవాణ్ణీ ఇంకొంతకాలం భరించొచ్చు. రాత్రిపూట నిద్ర లేపనంతవరకు వాళ్ళ బతుకు వాళ్ళది. కొత్త నంబరు గానీ మెయిలు గానీ రాసుకున్న రోజున ఒక్కసారి ఓటీపీతో సరిచూడని సంస్థని, “ఇది నాది కాదు” అని తిప్పి చెప్పే దారి ఉంచకుండా సందేశాలు పంపే సంస్థని మాత్రం భరించకూడదు. జరిమానాల బరువు అటు జరగాలి.

ఇది రాస్తుంటే ఒక సంగతి తట్టి సిగ్గేసింది. నాలుగేళ్ళ కిందట నేను కొత్త సిమ్ తీసుకున్నానంటే, పాతది వదిలేశాననేగా. రీఛార్జి చేయడం మానేశాను, అంతే. అది ఈపాటికి ఎవరి జేబులో మోగుతోందో. పోయిన ఆదివారం కాగితం తీసుకుని, ఆ నంబరు ఎక్కడెక్కడ ఇచ్చానో గుర్తొచ్చినంతవరకు రాసి, ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాను. బీమా పాలసీలో, కంటి ఆస్పత్రిలో, అమ్మాయి పెళ్ళప్పుడు వేసిన చిట్టీ కంపెనీలో ఇంకా పాత నంబరే ఉంది. మీరూ ఎప్పుడైనా నంబరు మార్చి ఉంటే, వచ్చే ఆదివారం ఓ గంట ఈ పనికి కేటాయించండి.