పని రాసుకోడానికి ఎన్ని యాప్‌లు కావాలి?

మాది అమలాపురం దగ్గర ఓ పల్లెటూరు. కొబ్బరి దింపు ఎప్పుడు తీయించాం, ఎన్ని కాయలొచ్చాయి, ఎవరికెంత బాకీ... నాన్నగారు అన్నీ గోడమీది కేలండర్లోనే రాస్తారు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అంతే. ఏటా కేలండరు మారుతుంది, పద్ధతి మారదు.

నేనేమో సాఫ్టువేరు వాణ్ణి కదా! రిమెంబర్ ద మిల్క్, వండర్‌లిస్ట్, టుడూయిస్ట్, ట్రెల్లో... ఏదీ వదల్లేదు. మారినప్పుడల్లా ఓ ఆదివారం మొత్తం పాత లిస్టుని కొత్తదాంట్లోకి ఎక్కించడానికే సరి. ట్యాగులు, రంగులు, ప్రాజెక్టులు... అబ్బో! తీరా చూస్తే కరెంటు బిల్లు మాత్రం అక్కడా ఇక్కడా కూడా 'గడువు దాటింది'. సర్దుకోవడం కూడా పని చేసినట్టే అనిపిస్తుంది, అదే అసలు చిక్కు.

చివరికి విసుగొచ్చి ఓ టెక్స్ట్ ఫైల్ పెట్టుకున్నాను. లైనుకో పని, అయిపోతే దాని ముందు ఓ ఎక్స్. నేను కనిపెట్టిందేం కాదు లెండి, జినా ట్రపాని 2006లో మొదలుపెట్టిన 'టుడూ డాట్ టీఎక్స్‌టీ' పద్ధతే.

దాని విలువ 2022 మేలో తెలిసొచ్చింది. అప్పుడు ఇంటినుంచే ఉద్యోగం. జిల్లా పేరు మార్పు మీద 24న అమలాపురంలో గొడవలయ్యాయి, మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. రోజుల తరబడి రాలేదు. నాలాంటి వాళ్ళందరం లాప్‌టాప్ సంచీ తగిలించుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్టుకో, యానాం వైపుకో పరుగులు. రాజోలు స్నేహితుడొకడు తన పనులన్నీ బ్రౌజర్లో తెరుచుకునే యాప్‌లో పెట్టుకున్నాడు. సిగ్నల్ దొరికిన అరగంటలో ఏం పంపాలో తెలియాలంటే ముందు ఆ పేజీ తెరుచుకోవాలి! నా ఫైలు ఇంట్లోనే తెరుచుకుంది. ఏం పంపాలో ముందే చూసుకుని గట్టుకి వెళ్ళేవాణ్ణి.

అందుకని అందరూ టెక్స్ట్ ఫైలే వాడండి అనట్లేదు. మీరు రోజూ తెరిచి చూసేది ఏదైతే అదే మంచి యాప్. చిన్న నోటుబుక్కైనా సరే. ఆఫీసు జీరా సంగతి వేరనుకోండి, అది మన చేతుల్లో లేదు. సొంత లిస్టు మార్చడానికి మాత్రం నాకు తెలిసి కారణాలు రెండే. ఒకటి, అవసరమైనప్పుడు తెరుచుకోకపోవడం. రెండోది, అది మూతపడటం. వండర్‌లిస్ట్‌ని 2015లో మైక్రోసాఫ్ట్ కొంది, 2020 మే 6న మూసేసింది. ఎంత బాగా పనిచేసినా వాడేవాళ్ళు కదలక తప్పలేదు. కాబట్టి నచ్చినదాన్ని వదలకండి, నెలకోసారి దాని నకలొకటి మీ దగ్గర దాచుకోండి. కొత్త యాప్ బాగుందని ఎవరో చెప్పడం మాత్రం మూడో కారణం కాదు.

మొన్న ఇంటికెళ్తే ఇదంతా నాన్నగారికి చెప్పాను. ఆయన కేలండర్లో ఆ రోజు దింపు లెక్క రాసుకుంటూ, "అయితే ఇన్నేళ్ళకి నా పద్ధతికొచ్చావన్నమాట" అన్నారు.

మరి మీరు ఇప్పటికి ఎన్ని మార్చారు?